తాతగారి సైకిలూ, మన ఆఫీసు దారీ

(ఒక కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెప్పండి, కాస్త గట్టిగా మాట్లాడతాను. ముందుగా ఒక చిన్న పని. ఇంట్లో సైకిల్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. బాగానే ఉన్నారే. ఇప్పుడు, ఇవాళ ఇక్కడికి ఆ సైకిల్ మీదే వచ్చినవాళ్లు తప్ప మిగతావాళ్లు దించేయండి. చూశారా! మీరు కంగారు పడకండి, నేను ఎవరినీ తప్పు పట్టడానికి రాలేదు. ఆ దిగిపోయిన చేతుల గురించే మాట్లాడదామని వచ్చాను.

కొన్నాక ఎందుకు తొక్కడం మానేశారండీ అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. మోకాళ్లు నొప్పి. చిన్న ఎత్తు వచ్చినా ఆయాసం. వాన పడితే చొక్కా వెనకంతా బురద. లంచ్ బాక్సు ఎక్కడ పెట్టాలో తెలీదు. చీకటి పడితే భయం. సరే, ఇవన్నీ నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఇందులో మీ ఒంటికి సంబంధించినది ఏముంది? చొక్కా మీద బురద పడిందంటే మడ్‌గార్డు లేదని అర్థం. బాక్సుకు చోటు లేదంటే క్యారియర్ లేదని అర్థం. మోకాలు నొప్పి అంటే చాలాసార్లు సీటు కిందకు ఉందని అర్థం. మనిషిలో లోపం లేదు. ఆఫీసుకు వెళ్లడానికని కొన్న సైకిల్ ఆఫీసు కోసం తయారైంది కాదు, అంతే.

షాపుకు వెళ్తే మనకు ఏం చూపిస్తారు? లావు టైర్లు, వాటి మీద గుబ్బలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగులు, ఒక్కోదానికి సీటు కింద కూడా ఒక స్ప్రింగు. దాన్ని కొండల్లో రాళ్ల మీద తొక్కడానికి తయారుచేసిన సైకిళ్లను చూసి చేశారు. అసలైనవి మంచివే, ఖరీదైనవి. ఆ రూపాన్ని మాత్రం తీసుకుని చవకగా చేసి మనకు అమ్ముతున్నారు. చవక స్ప్రింగు ఏం చేస్తుంది? మీరు తొక్కిన ప్రతి తొక్కుకూ కాస్త కిందకు కుంగుతుంది. మీ బలంలో కొంత అక్కడే పోతుంది. దానికి తోడు బరువు. ఆ గుబ్బల టైరు తారు రోడ్డు మీద గుర్రుమంటూ వెళ్తుంది, ఆ శబ్దం కూడా మీ కాళ్ల కష్టమే. మడ్‌గార్డు ఉండదు, స్టాండు ఉండదు, చైన్ కవరు ఉండదు, బెల్లు కూడా అడిగితే ఇస్తారు. పెళ్లికి గమ్‌బూట్లు వేసుకుని వెళ్లినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇప్పుడు మా తాతల కాలం సైకిల్ గుర్తు చేసుకోండి. ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, మాస్టారూ, మీరు తొక్కే ఉంటారు. నల్ల రంగు, పైన బంగారు గీతలు, పెద్ద చక్రాలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సైకిల్ ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. అందరూ చేసింది దాదాపు ఒకటే నమూనా, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రోడ్‌స్టర్. ఆ సైకిల్ మీద ఏమేం ఉండేవి? ముందూ వెనకా ఇనుప మడ్‌గార్డులు. బియ్యం బస్తా కట్టినా వంగని క్యారియర్. రెండు కాళ్ల స్టాండు. ప్యాంటు అంచు, పంచె అంచు చైన్‌లో పడకుండా కవరు. సీటు కింద గట్టి స్ప్రింగులు. డైనమో లైటు. లైటు లేకుండా రాత్రి వెళ్తే పోలీసు ఆపి గాలి తీసేసేవాడని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అంటే రోజూ పనికి వెళ్లే మనిషికి ఏవేవి కావాలో అవన్నీ ఆ సైకిల్ మీద అప్పటికే ఉన్నాయి. మనం వాటిని ఒక్కొక్కటే పీకేసి, వాటి బదులు స్టిక్కర్లు అంటించుకున్నాం.

అలాగని పాత సైకిలే గొప్ప అని చెప్పి దండం పెట్టి వెళ్లిపోవడానికి రాలేదు నేను. ఆ సైకిల్‌లో రెండు పెద్ద ఇబ్బందులు ఉన్నాయి. గేరు, బ్రేకు. ఈ రెండూ మార్చుకుని మిగతావి అలాగే ఉంచుకోండి, లేదా మీ దగ్గర గేర్ సైకిల్ ఉంటే ఆ మిగతావి దానికి తగిలించుకోండి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మిగిలిందంతా ఎలా అన్నదే.

ముందు గేరు సంగతి. లెక్క చెబుతాను, భయపడకండి, ఐదో తరగతి లెక్కే. రోడ్‌స్టర్‌లో పెడల్ దగ్గర ఉండే పెద్ద చైన్ వీల్‌కు చాలావరకు 44 పళ్లు ఉంటాయి, కొన్నిటికి 48. వెనక చక్రానికి ఉండే చిన్న పళ్ల చక్రానికి, దాన్నే ఫ్రీవీల్ అంటారు, 18. 44ను 18తో భాగిస్తే రెండున్నరకు కాస్త తక్కువ. అంటే మీరు పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఆ చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. ఒక్క తొక్కుకు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ముందుకు వెళ్తారన్నమాట. చదునైన ఊళ్లో, గాలి ఎదురు లేకుండా, ఇది బాగుంటుంది. విజయవాడ బందరు రోడ్డు మీద హాయిగా వెళ్లొచ్చు. అదే హైదరాబాద్‌లో పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎక్కండి, విశాఖపట్నంలో బీచ్ రోడ్డు నుంచి పైకి రండి. సైకిల్ దిగి నడిపించుకోవాల్సిందే.

ఇప్పుడు వెనక ఫ్రీవీల్ 18 పళ్లది తీసి 22 పళ్లది వేయండి. ఒక తొక్కుకు 4 మీటర్ల 40 సెంటీమీటర్లు వెళ్తారు. కాలి మీద పడే బలం 18 శాతం తగ్గుతుంది. పద్దెనిమిది శాతం! దానికి అయ్యే ఖర్చు రెండు సినిమా టికెట్ల ఖర్చు కూడా ఉండదు. వేగం తగ్గిపోదా అంటారు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే, అది పెద్ద కష్టమేమీ కాదు, గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం వస్తుంది. మన సిటీ ట్రాఫిక్‌లో అంతకన్నా ఎక్కువ వేగంతో ఎక్కడికి వెళ్తామండీ? తర్వాతి సిగ్నల్ దాకా.

ఇదే పనిని బరువు తగ్గించి చేద్దామనుకునేవాళ్లు ఉంటారు. రోడ్‌స్టర్ 20 కిలోలు అటూ ఇటూ ఉంటుంది. మనిషి 75 కిలోలు. మొత్తం 95. వేలకు వేలు పోసి 5 కిలోలు తేలికైన సైకిల్ కొన్నారనుకోండి, ఎత్తు ఎక్కేటప్పుడు మీకు మిగిలేది ఐదు శాతం. ఫ్రీవీల్ ఇచ్చింది పద్దెనిమిది. లెక్క మీరే చూసుకోండి. మెట్ల మీద మూడో అంతస్తుకు మోసుకెళ్లాలంటే బరువు సంగతి వేరు, అది ఒప్పుకుంటాను.

ఫ్రీవీల్ మార్చేటప్పుడు ఒక విషయం చూసుకోవాలి. నాలుగు పళ్లు పెరిగాయి కాబట్టి పాత చైన్‌తోనే వేస్తే చక్రం అర అంగుళం ముందుకు జరగాలి. వెనక ఫోర్కులో అంత చోటు ఉంటే సరే. లేకపోతే చైన్‌కు ఒక అంగుళం ముక్క కలపాలి. చైన్ అరిగిపోయి ఉంటే ఇదే అదను, కొత్తది వేయించండి. అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? స్కేలు పెట్టి కొలవండి. చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. ఒక పిన్నును సున్నాగా పెట్టుకుని లెక్కపెడితే 24వ పిన్ను దాకా దూరం కచ్చితంగా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైన్ మార్చండి. ఎనిమిదో వంతు ఎక్కువొచ్చేదాకా ఆగితే ఆ చైన్ ఫ్రీవీల్ పళ్లను కూడా తినేసి ఉంటుంది, రెండూ మార్చాలి.

మరి పాత సైకిల్‌కు ఏడు గేర్లు వేయించొచ్చా అని చాలామంది కుర్రాళ్లు అడుగుతారు. వేయించొచ్చు. కానీ ఏమేం మారాలో వినండి. పళ్ల చక్రాలు ఏడు పక్కపక్కన పట్టాలంటే వెనక ఫోర్కు వెడల్పు సరిపోదు, దాన్ని సాగదీయాలి. ఇనుప ఫ్రేము కాబట్టి సాగుతుంది, అల్యూమినియం అయితే ఆ పని అసలు చేయకండి, పగులుతుంది. చైన్‌ను అటూ ఇటూ జరిపే డీరైలర్ తగిలించడానికి పాత ఫ్రేముకు చెవి ఉండదు, యాక్సిల్ దగ్గర, అంటే చక్రం ఇరుసు దగ్గర, విడిగా పట్టీ వేయాలి. పాత చైన్ లావు, గేర్ల చైన్ సన్నం, అదీ మారాలి. ఇన్ని చేశాక చైన్ కవరు పట్టదు, తీసేయాలి. మళ్లీ ప్యాంటుకు గ్రీజు. అందుకే నేను మొదట ఒక్క ఫ్రీవీల్ మార్చి, ఒక నెల తొక్కి చూడమంటాను. చాలామందికి అక్కడితో సరిపోతుంది.

హబ్బు, అంటే చక్రం మధ్యలో స్పోకులు తగిలించే గొట్టం, దాని లోపలే గేర్లు ఉండే రకం ఒకటుంది. ఇది కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1900ల మొదట్లోనే మూడు గేర్ల హబ్బు తీసుకొచ్చింది. బయటికి ఒకే పళ్ల చక్రం, లోపల చిన్న చిన్న పళ్ల చక్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మామూలు గేరును నూరు అనుకుంటే, కింద గేరు 75, పై గేరు 133. సైకిల్ ఆగి ఉన్నా గేరు మార్చొచ్చు, చైన్ కవరు అలాగే ఉంటుంది, వాన నీళ్లు లోపలికి పోవు. ఆఫీసుకు వెళ్లే సైకిల్‌కు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని నా అభిప్రాయం. మరి మన దగ్గర ఎందుకు లేదు? తెప్పించుకోవాలి, ఖరీదు ఎక్కువ, విప్పి బాగుచేసే మెకానిక్ దొరకాలి. ఎవరి దగ్గరైనా పాత మూడు గేర్ల సైకిల్ అటక మీద ఉంటే మాత్రం దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. నాకు ఫోన్ చేయండి.

ఇక బ్రేకు. రాడ్ బ్రేకులు మీరందరూ చూసే ఉంటారు. హ్యాండిల్ నుంచి ఇనుప కడ్డీలు కిందకు వస్తాయి, నొక్కితే రబ్బర్లు రిమ్ము లోపలి వైపు, అంటే స్పోకులు ఉండే వైపు పైకి ఒత్తుకుంటాయి. దీన్ని చేసినవాళ్ల తెలివిని మెచ్చుకోవాలి, వైరు తెగే బాధ లేదు, చేత్తో వంచి సరిచేయొచ్చు. కానీ రిమ్ము ఇనుముది, పైన మెరుపు పూత. వానలో తడిసిందంటే రబ్బరు పట్టదు. జారుతుంది. మీరు నొక్కుతూ ఉంటారు, సైకిల్ వెళ్తూ ఉంటుంది. ఇప్పటి ట్రాఫిక్‌లో, పక్కన బస్సు, ముందు ఆటో ఉన్నట్టుండి ఆగే చోట, తడి ఇనుప రిమ్ము మీద నమ్మకం పెట్టుకోకండి. అల్యూమినియం రిమ్ము తడిసినా చాలా నయం.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది, ఇది షాపుకు వెళ్లాకే చాలామందికి తెలుస్తుంది. పాత రోడ్‌స్టర్ ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. కొత్త రిమ్ములకూ హబ్బులకూ 36 రంధ్రాలు ఉంటాయి, లేదా రెండిటికీ 32. పాత వెనక హబ్బుకు కొత్త రిమ్ము కలవదు. కాబట్టి ముందు చక్రం మాత్రం మార్చండి. 32 రంధ్రాల అల్యూమినియం రిమ్ము తెచ్చి పాత హబ్బుకే అల్లించొచ్చు, స్పోకుల పొడవు మాత్రం కొలిచి తీసుకోవాలి. వెనకది అలాగే రాడ్ బ్రేకుతో ఉండనివ్వండి. ఎందుకంటే బ్రేకు వేయగానే మన బరువు ముందుకు తూలుతుంది, ఆపే పని ఎక్కువగా ముందు చక్రమే చేస్తుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చిన్నప్పుడు అందరూ భయపెట్టారు కదా? ఒక్కసారిగా గుంజితే కొడతాం. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ వేస్తే ఏమీ కాదు.

ఇంకో చిన్న లెక్క. పాత చక్రం రిమ్ము, టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్తగా దొరికేది 622. తేడా 13, అంటే రిమ్ము ఫోర్కు నుంచి ఆరున్నర మిల్లీమీటర్లు కిందకు పోతుంది. అందుకని ముందు చక్రానికి రాడ్ బ్రేకు బదులు వైరు బ్రేకు కొనేటప్పుడు పొడుగు చేతులున్నది కొనాలి. పొట్టి చేతులది తెస్తే రబ్బరు రిమ్ముకు కాక టైరుకు రాసుకుంటుంది. ఒక్క రోజులో టైరు కోసుకుపోతుంది.

ఈ నంబర్లు ఎందుకు చెబుతున్నానంటే, సైకిల్ టైర్ల దగ్గర మోసపోయినంతగా మనం కూరగాయల దగ్గర కూడా మోసపోం. నవ్వకండి, నిజం. షాపుకు వెళ్లి ఇరవయ్యారు టైరు ఇవ్వండి అంటాం. ఇరవయ్యారులో ఎన్ని రకాలున్నాయో తెలుసా? 26 ఇంటూ ఒకటీ మూడు బై ఎనిమిది అని ఉంటే దాని రిమ్ము 590 మిల్లీమీటర్లు. 26 ఇంటూ ఒకటిన్నర అని భిన్నంలో రాసి ఉంటే 584. 26 ఇంటూ 1.75 అని పాయింటు పెట్టి ఉంటే 559, మన గేర్ సైకిళ్లవి ఇవే. 26 ఇంటూ ఒకటీ ముప్పావు అని భిన్నంలో ఉంటే 571. అదేంటండీ, ఒకటీ ముప్పావూ 1.75 ఒకటే కదా అంటారు. లెక్కల మాస్టారికి ఒకటే, సైకిల్‌కు కాదు. ఒకటి ఇంకోదానికి ఎక్కదు. అందుకని టైరు పక్క గోడ మీద చిన్న అక్షరాలతో 47-559 అనో, 40-635 అనో ఉంటుంది చూడండి. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము కొలత. ఆ రెండో నంబరు కలిస్తే చాలు, టైరు ఎక్కుతుంది. ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

గేర్ సైకిల్ ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మార్పు ఇదే. ఆ గుబ్బల టైర్లు తీసి, రిమ్ము నంబరు అదే ఉండేలా నున్నటి టైర్లు వేయించండి. కాస్త సన్నవి, ఒకటిన్నర అంగుళం చాలు. గాలి సరిగ్గా కొట్టండి. ఎంత కొట్టాలో కూడా టైరు మీదే రాసి ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసి చాలులే అనుకుంటాం, ఆ చాలులే దగ్గరే సగం కష్టం ఉంది. పాత సైకిళ్లకు ఉండే వాల్వు, లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగేది, దానికి గాలి ఎంతుందో కొలవడం కుదరదు. ట్యూబు మార్చే రోజు మోటార్‌సైకిల్ వాల్వు ఉన్న ట్యూబు అడగండి. రిమ్ములో రంధ్రం సరిపోతుంది, పెట్రోల్ బంకులో కొలిచి పట్టించుకోవచ్చు.

సీటు. ఇందాక మోకాలు అన్నాను కదా. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేల మీద ఆనాలని సీటు కిందకు దించుకుంటాం. అలా దించితే తొక్కేటప్పుడు మోకాలు ఎప్పుడూ వంగే ఉంటుంది, బరువంతా దాని మీదే. ఇంటికి వెళ్లాక ఇలా చేయండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ను బాగా కిందకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి, కానీ నడుం ఒక పక్కకు ఒరగకూడదు. అదే మీ ఎత్తు. తొక్కేటప్పుడు మడమతో కాదు, వేళ్ల వెనక మెత్తటి భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, ఆ కొంచెమే కావాలి. సిగ్నల్ దగ్గర సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక పానా చాలు.

సైకిల్‌ను మన అవసరానికి మార్చుకోవడం అంటే ఏదో కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నాం. మన వీధిలో తిరిగేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? పాలవాళ్ల సైకిల్ చూడండి. పైన రెండు బార్లు, ముందు ఫోర్కుకు అదనంగా కడ్డీలు, క్యారియర్‌కు రెండు వైపులా క్యాన్లు తగిలించే కొక్కేలు. క్యాన్లు ఎక్కడ వేలాడుతున్నాయో చూడండి, యాక్సిల్ దగ్గరగా, కిందకు. బరువు కిందకు ఉంటే సైకిల్ ఊగదు. వీపు మీద ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని చెమటలు కక్కే మనకు ఆ విషయం వేల రూపాయల విదేశీ బ్యాగు కొన్నాక అర్థమవుతోంది. కత్తులకు సాన పట్టేవాళ్ల సైకిల్ చూడండి. స్టాండు వేసి, వెనక చక్రం నుంచి బెల్టు వేసి, అక్కడే కూర్చుని తొక్కితే ముందు సానరాయి తిరుగుతుంది. ప్రయాణమూ అదే, పనిముట్టూ అదే. కల్లుగీత కార్మికుల సైకిళ్లు, ఇడ్లీలు అమ్మేవాళ్ల సైకిళ్లు... ఏ ఇంజినీరింగ్ కాలేజీ నేర్పింది వాళ్లకు? వీధి చివర వెల్డింగ్ షాపువాడూ, ఆ మనిషీ కలిసి కూర్చుని చేసుకున్నవే అవన్నీ.

2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పట్టున చేసే పనులు కాకుండా మిగతా పనులకు వెళ్లేవాళ్లలో దేశం మొత్తం మీద సుమారు 13 శాతం మంది సైకిల్ మీద వెళ్తున్నామని చెప్పారు. వాళ్లెవరు? మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, తాపీ మేస్త్రీ, పేపర్ వేసే కుర్రాడు. సైకిల్ మీద ఆఫీసు అనగానే మనం హెల్మెట్, బిగుతు బట్టలు ఊహించుకుంటాం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు, పైన సోలార్ పలకలు, మంచిదే, చూడటానికి బాగుంది. ఆదివారం పొద్దున అక్కడ తొక్కి రావచ్చు. కానీ తాపీ మేస్త్రీ వెళ్లే దారి అది కాదు. అతని సైకిల్‌కు ఒక వెనక ఎర్ర లైటు, ఒక 22 పళ్ల ఫ్రీవీల్ ఇస్తే అంతకన్నా ఎక్కువ మేలు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

లైటు గురించి రెండే మాటలు. ముందు లైటు మనకు దారి కనపడటానికి, వెనక లైటు మనం కనపడటానికి. మన వీధి దీపాల కింద రెండోదే ముఖ్యం. డైనమో టైరుకు రాసుకుంటూ కాలికి బరువు పెంచేది, ఆగితే లైటు ఆరిపోయేది. ఇప్పుడు చార్జింగ్ లైట్లు వచ్చాయి, ఆ బాధ లేదు. క్యారియర్ మీద బ్యాగు పెడితే లైటు దాని చాటున పడకుండా, మడ్‌గార్డు మీదో క్యారియర్ చివరో బిగించండి.

పాత ఫ్రేము కొనేవాళ్లు రంగు చూడకండి. ముందు హ్యాండిల్ గొట్టం దగ్గర, ఫోర్కు భుజాల దగ్గర, పెడళ్ల దగ్గర గొట్టాలు కలిసేచోట చూడండి. రంగు ఉబ్బినట్టో, వెంట్రుక లాంటి గీతో కనిపిస్తే కింద పగులు ఉన్నట్టే. ఇనుప ఫ్రేముకు సుగుణం ఏమిటంటే, గ్యాస్ మంట పెట్టి ఇత్తడితో అతికించే పనివాడు ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. కానీ ఫోర్కు పగిలితే అతికించకండి, మార్చేయండి. అక్కడ విరిగితే పళ్లు రాలతాయి.

ఇంకొకటి, ఇది మగవాళ్లు వినాలి. లేడీస్ సైకిల్ అంటూ మనం పక్కన పెట్టే ఆ బారు లేని ఫ్రేము ఉంది చూశారూ, రోజువారీ వాడకానికి అదే హాయి. వెనక క్యారియర్ మీద పిల్లాడో, పెద్ద సంచో ఉన్నప్పుడు కాలు వెనక నుంచి తిప్పి ఎక్కగలరా? ముందు నుంచి దూరి ఎక్కాల్సిందే. పంచె కట్టుకునేవాళ్లకూ, నడుం పట్టేసినవాళ్లకూ అంతే. పరువు సంగతి మీ ఇష్టం.

ప్రశ్నలు

అడగండి. ఆ... కరెంటు మోటారు కిట్టు. వస్తుందని తెలుసు ఈ ప్రశ్న. వేయించుకోవచ్చండీ, దూరం ఎక్కువుండి, వయసు మీద పడి ఉంటే తప్పకుండా ఆలోచించండి. చట్టం ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కపెట్టరు, లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించిన మోటార్లు కూడా అమ్ముతారు, అది మీరు చూసుకోవాలి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. పూర్తి శక్తితో మోటారు నడిపిస్తే గంటన్నర కూడా రాదు, మీరూ తొక్కుతుంటే ఇంకా దూరం వస్తుంది. రెండు జాగ్రత్తలు. రాడ్ బ్రేకుల సైకిల్‌కు మోటారు వేయకండి, ముందు బ్రేకు మార్చాకే మోటారు. ముందు చక్రంలో మోటారు పెడితే అది యాక్సిల్‌నే తిప్పి ఫోర్కులోంచి ఊడిరావాలని చూస్తుంది. యాక్సిల్ తిరగకుండా పట్టే ఇనుప పట్టీ విడిగా బిగించాలి. కిట్టుతో పాటు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

మీరమ్మా? పెడల్ ఊడటం లేదా? ఎడమ వైపుదేనా? ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. కుడిదాన్ని మామూలుగా విప్పినట్టు విప్పితే ఎడమది ఇంకా బిగుస్తుంది. అలా బలంగా తిప్పి మర పాడుచేసుకున్న క్రాంకులు, అంటే పెడల్ బిగించే కడ్డీలు, నేను బోలెడు చూశాను. తేలిగ్గా గుర్తు పెట్టుకోవడానికి, పానా పెడల్‌కు పెట్టి దాని చివరను పైకి తెచ్చి, సైకిల్ వెనక చక్రం వైపు తిప్పండి. రెండు పక్కలా అంతే, వెనక వైపు తిప్పితే ఊడుతుంది.

చైన్‌కు ఏ నూనె అని అడుగుతున్నారు. బండి నుంచి తీసిన నల్ల ఇంజిన్ ఆయిల్ తప్ప ఏదైనా. అందులో ఇనుప రజను ఉంటుంది, అది చైన్‌ను అరగదీస్తుంది. కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, ఒక్కో పిన్ను మీద ఒక్కో చుక్క వేసి, పైన కారినదంతా గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే దుమ్ము అంటుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇదే ఆఖరి ప్రశ్న, గ్రంథాలయం తాళం వేసే టైమైంది. దొంగతనం. వెనక చక్రానికి రింగు తాళం ఒకటి వేసి వదిలేస్తే ఎత్తుకుని పోతారు, ఇరవై కిలోలే కదా. గొలుసును ఫ్రేములోంచీ, చక్రంలోంచీ దూర్చి కదలని స్తంభానికి కట్టండి. పెడళ్ల దగ్గర ఫ్రేము అడుగున కొట్టిన నంబరు ఉంటుంది, అదీ ఫోటో తీసుకోండి. కింద నా సైకిల్ ఉంది, ముందు చక్రం అల్యూమినియం, వెనక 22 పళ్ల ఫ్రీవీల్. ఎవరికైనా కావాలంటే ఈ వీధి చివరిదాకా తొక్కి చూడండి, సీటు నా ఎత్తుకు ఉంది, పానా క్యారియర్‌కే కట్టి ఉంది.